తొమ్మిది తలల దోనా అవ్వ

జనవరి 11, గురువారం

ఏడో తల కూడా పోయింది.

ముక్కు బాగా కుదిరింది. కనుబొమలు కుదిరాయి. కింది పెదవి దగ్గరికి వచ్చేసరికి కర్రలోంచి ఒక ముడి బయటపడింది. గోధుమగింజంత. రంగు వేస్తే ఎవరికీ కనబడదు. నాకు కనబడుతుంది. పొయ్యి పక్కనున్న చితుకుల బుట్టలోకి విసిరేశాను.

ఈ ఆటలోని మిగతా బొమ్మలు, అంటే మేక, మేయరు, ఇద్దరు జాలర్లు, నవంబరులోనే నా చేతిలోంచి వెళ్ళిపోయాయి. వాటిమీద నాకు పట్టింపు లేదు. దోనా అవ్వ సంగతి వేరు. రేవులో నలభై ఏళ్ళు పడవ నడిపిన మనిషి. వంతెన కట్టేశాం, ఇక నీ పడవతో పని లేదు పొమ్మంటే, వంతెన కట్టినవాళ్ళని వదిలేసి దాన్యూబ్ నదితోనే తగువుకి దిగుతుంది. గంటసేపు పిల్లలు చూసేది ఆ ఒక్క ముఖాన్నే. అందులో తప్పుంటే గంటసేపు తప్పునే చూస్తారు.

తొలి ఆట ఫిబ్రవరి 24న. రోజులు బోలెడున్నాయి.

జనవరి 12

బుట్టలో ఉన్నవన్నీ పొయ్యిలో వేశాను. గది బాగా వెచ్చబడింది.

జనవరి 16, మంగళవారం

ద్రాగోమిర్ వచ్చాడు. మా బొమ్మల థియేటర్‌కి కొత్త దర్శకుడు. ముప్పై రెండేళ్ళవాడు. జేబు నిండా పొద్దుతిరుగుడు గింజలు, ఎప్పుడూ నములుతూనే ఉంటాడు.

"మేస్త్రీ, మా అవ్వ ఎప్పుడొస్తుంది?"

"సిద్ధమైనప్పుడు."

"కడుపుతో ఉన్నవాళ్ళు కూడా ఒక తేదీ చెబుతారండీ."

నేను నవ్వలేదు. బల్లమీద సగం చెక్కి ఉన్న ఎనిమిదో తలని తీసి వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఇది బానే ఉందిగా!"

బానే ఉంది! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈ ఊళ్ళో అన్నీ బానే ఉన్నాయి. గుంటల రోడ్డు బానే ఉంది. నీళ్ళ పెరుగు బానే ఉంది. కురిసే కప్పు బానే ఉంది. బానే ఉన్నదాన్ని చెయ్యడానికి నేనెందుకు?

అదే మాట అడిగాను. గింజలు నమలడం ఆపాడు.

"సోఫియాలో ఒక బృందం ఉంది మేస్త్రీ. స్పాంజితో నాలుగు రోజుల్లో చేసిచ్చేస్తారు. ఊళ్ళో మేస్త్రీ ఉండగా సోఫియా ఎందుకని ఇన్నాళ్ళూ నేనే అడ్డుపడ్డాను. ఇంక ఎన్నాళ్ళు అడ్డుపడగలనో తెలీదు."

స్పాంజి! గిన్నెలు తోముకునేది!

మా గురువు పెన్యో మేస్త్రీ ఉండి ఉంటే వాడి చేతిలోంచి ఆ తల లాక్కుని పొయ్యిలో వేసేవాడు. నేను పని నేర్చుకునే రోజుల్లో అలాగే చేసేవాడు. నేను చెక్కిన తలని అరచేతిలో ఒక్కసారి తిప్పేవాడు. మాట్లాడేవాడు కాదు. పొయ్యి మూత తీసేవాడు. మూడేళ్ళు. నావి ఒక్కటి కూడా వేదిక ఎక్కనివ్వలేదు. ఇవాళ నేనిలా ఉన్నానంటే ఆయన చలవే.

జనవరి 22, సోమవారం

ఎనిమిదోది. ఎడమ కన్ను వెంట్రుకవాసి పైకి ఉంది. సరిచేశాను. కుడిది పైకి వచ్చింది. సరిచేశాను. సాయంత్రానికి దోనా అవ్వ తల నిమ్మకాయంత అయింది.

ఇంట్లో నేవెనా చిక్కుళ్ళ సూప్ వడ్డిస్తూ "ఎన్నోది?" అంది. నా భార్య మందుల షాపులో పనిచేస్తుంది. రోజంతా చీటీలు చదివి చదివి, ఎవరి రోగం ఏమిటో తనకే తెలుసన్న ధీమా.

"ఎనిమిది."

"నీకో సంగతి చెప్పనా? బొమ్మ పొయ్యిలో ఉంటే దాన్ని ఎవరూ బాలేదనలేరు."

"అంటే?"

"అంటే భయం."

"నాకా?"

"కాదు, పొయ్యికి."

చెంచా బల్లమీద కొట్టి లేచిపోయాను. భయమట. ఇరవై ఆరేళ్ళుగా ఉలి పట్టినవాడికి! దాన్ని భయమనరు, పనిమీద గౌరవం అంటారు. బిళ్ళలు లెక్కపెట్టి కవర్లో వేసి ఇచ్చేవాళ్ళకి అది ఎలా తెలుస్తుంది?

భయం కాదు.

జనవరి 27, శనివారం

స్తానక్క వచ్చింది. పూర్తి పేరు స్తానిమిరా, కానీ థియేటర్లో అందరికీ స్తానక్కే. అరవైనాలుగేళ్ళు. నలభై ఏళ్ళుగా బొమ్మలాడిస్తోంది. దోనా అవ్వే ఆవిడ చివరి పాత్ర, మార్చి 3 ఆటతో రిటైరవుతుంది.

కోటు కూడా విప్పలేదు. సంచిలోంచి ఒక మేజోడు తీసి నా బల్లమీద ధబ్బున కొట్టింది. లోపల ఏదో గుండ్రంగా ఉంది.

"చూడు! నెల్రోజుల్నించి నేను రిహార్సల్ చేస్తున్న నటీమణి ఈవిడే. బంగాళాదుంప! మొన్నటిదానికి మొలకలొస్తే మార్చాను."

"అక్కా, ఇంకొక్క వారం..."

"నోర్ముయ్. బరువెంతో తెలీకుండా నా మణికట్టు ఏం నేర్చుకుంటుందిరా? మెడ వెనక పట్టుకుంటే వేళ్ళెక్కడ పడతాయో తెలియొద్దూ? ఇవి చూశావా?" కణుపులు వాచిన చేతిని నా ముఖం ముందు పెట్టింది. "వీటికి కొత్త పాఠం ఎక్కాలంటే నెల పడుతుంది. నువ్వు వారం వారం అంటున్నావు. నాకెన్ని వారాలు మిగిలాయో తెలుసా నీకు?"

"నీ చివరి పాత్రకి చెత్త బొమ్మ చేతిలో పెట్టమంటావా?"

"పెట్టు. ఏదో ఒకటి పెట్టు."

"పెన్యో మేస్త్రీ ఐతే..."

"పెన్యోనా?" నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "పెన్యో నీ తలలు కాల్చాడు. తనవి ఎప్పుడైనా కాల్చుకున్నాడా? ఆయన బొమ్మలు పదిహేనేళ్ళు పట్టుకున్నది ఈ చేతులురా, నీవి కాదు."

అబద్ధం అన్నాను. బయటికి పొమ్మన్నాను. స్తానక్కని! నాకు తొలి జీతం రాకముందు రోజూ సగం రొట్టె విరిచి పెట్టిన మనిషిని. కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి ఆవిడ లేదు. బంగాళాదుంప మాత్రం బల్లమీద ఉంది.

అబద్ధమే.

ఫిబ్రవరి 1, గురువారం

దొంగతనం. పట్టపగలు, నా గదిలో, నా బుట్టలోంచి!

జిగురు డబ్బా కోసం థియేటర్‌కి వెళ్ళాను. హాల్లో రిహార్సల్ నడుస్తోంది. స్తానక్క చేతిలో దోనా అవ్వ ఉంది. నాలుగోది. డిసెంబరులో పారేసినది. కుడి బుగ్గ పంటినొప్పి వచ్చినట్టు ఉబ్బి ఉంటుంది, మెడ ఎద్దు మెడలా ఉంటుంది. బుట్ట అడుగున పడి పొయ్యి తప్పించుకున్నట్టుంది. నేను ముఖం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు సంచిలో వేసుకుపోయింది. పైగా టీ డికాక్షన్‌తో రంగు కూడా పూసేశారు!

నేను వెళ్ళేసరికి దోనా అవ్వ నదిని తిడుతోంది. "నలభై ఏళ్ళు నీ వీపుమీద నడిచానే! ఒక్కనాడైనా నొప్పన్నావా? ఇవాళ ఆ ఇనప వంతెన మోస్తున్నావు, సిగ్గులేదూ?" ఉబ్బిన బుగ్గని నీళ్ళకేసి తిప్పి, మెడ లోపలికి లాక్కుని, ఉమ్మబోయి మళ్ళీ మనసు మార్చుకుంది. మేకని ఆడించే వెలీనా నవ్వాపుకోలేక మేకని కింద పడేసింది.

"ఆపండి!" అన్నాను.

"మేస్త్రీ, చూశారా, బతికే ఉంది," అన్నాడు ద్రాగోమిర్ వెలిగిపోతున్న ముఖంతో.

"అది తప్పు! నా తప్పు! నా తప్పుని పదిమందికి చూపించే హక్కు మీకెవరిచ్చారు?"

స్తానక్క బొమ్మని దించలేదు. దోనా అవ్వ నెమ్మదిగా నావైపు తిరిగింది. "ఎవరమ్మా ఈ పెద్దమనిషి? నన్ను కని బుట్టలో పారేసి పోయినాయన కాదూ?"

అందరూ నవ్వారు. అందరూ.

అక్షరాలు వంకరపోతున్నాయి.

ఫిబ్రవరి 2

ద్రాగోమిర్‌కి ఉత్తరం రాస్తున్నాను. ఆ బొమ్మ కింద నా పేరు వెయ్యడానికి వీల్లేదని.

ఫిబ్రవరి 3

మొదటి వాక్యం బలహీనంగా ఉంది. మళ్ళీ రాశాను.

ఫిబ్రవరి 5, సోమవారం

ఆరోసారి. "ఖండిస్తున్నాను" కన్నా "నిరసిస్తున్నాను" మేలేమో. నేవెనా నా భుజంమీంచి చూసి, "పోస్టులో వేస్తావా, పొయ్యిలో వేస్తావా?" అంది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

చిన్న సవరణ చేశాను.

మధ్యాహ్నం థియేటర్లో అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, ఆ నాలుగో తలమీద నలభై నిమిషాల పని. కుడి బుగ్గని ఎడమదానికి సమానం చేశాను. మెడ వెనక లావు తీశాను. టీ రంగు మళ్ళీ పూశాను. ఎవరికీ తెలియదు. తెలిస్తే మంచికే తెలుస్తుంది.

ఇప్పుడది నా బొమ్మ. ఇవాళ భోజనం రుచిగా అనిపించింది.

ఫిబ్రవరి 10

తెలిసింది.

ఫిబ్రవరి 12, సోమవారం

శనివారం రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

స్తానక్క బొమ్మని తీసుకుంది. వేళ్ళు మెడ వెనక్కి వెళ్ళి ఆగిపోయాయి. పట్టు మార్చింది. మళ్ళీ మార్చింది. నది దగ్గరికి నడిపించి తిట్టడం మొదలుపెట్టింది. సగం మాటలో తల జారి పక్కకి ఒరిగింది. మళ్ళీ మొదటినుంచి. వెలీనా మేకని పట్టుకుని నవ్వడానికి సిద్ధంగా నిలబడింది, నవ్వు రాలేదు. ముఖం అందంగానే ఉంది. రెండు బుగ్గలూ సమానం. నదిమీద కోపమొచ్చిన మనిషిలా లేదు. రైల్వే కౌంటర్లో టికెట్లిచ్చే మనిషిలా ఉంది.

"హీటరు పక్కన పెట్టినట్టున్నారు, కర్ర కుంచించుకుపోయింది," అన్నాడు ద్రాగోమిర్. నాకేసి చూశాడు. "అంతేనా మేస్త్రీ?"

"అయ్యుండొచ్చు," అన్నాను.

స్తానక్క నన్ను చూసింది. బొమ్మని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. ఇవాళ పొద్దున నేను పక్కనే ఉండగా వెలీనాతో అంది, "నా బంగాళాదుంప ఆ మేస్త్రీ గదిలో ఉండిపోయింది. ఇంకోటి కొనుక్కురా తల్లీ."

ఆ మేస్త్రీ.

నేను చేసింది తప్పు కాదు. బొమ్మ ఇప్పుడు సరిగ్గా ఉంది. ఆవిడ చెయ్యి సరిగ్గా లేదు.

(ఇలా రాశాను. కొట్టేయడం లేదు. ఎలాంటివాణ్ణో కనబడనీ.)

ఫిబ్రవరి 13, మంగళవారం

థియేటర్ నేలమాళిగలో పెన్యో మేస్త్రీ బొమ్మలున్నాయి. తాళం చెవి తీసుకుని వెళ్ళాను. స్తానక్క అబద్ధం చెప్పిందని తేల్చుకోవడానికే వెళ్ళాను.

ముందుగా ఎలుగుబంటి. ఈ ఊళ్ళో మూడు తరాల పిల్లలు దాన్ని చూసి పెరిగారు. కుడి చెవిని ఇనప మేకుతో కొట్టి నిలబెట్టాడు! తల వెనక పిడికెడు లప్పం కూరి ఉంది. రాజుకి ఒక కన్ను గాజుది, రెండోది కోటు గుండీ. రాకుమారి గౌను ఎత్తి చూశాను. నడుము కర్రమీద పెన్సిలుతో ఆయన చేతిరాత. "రేపే ఆట. చాల్లే."

చాల్లే!

ఆ మాట నాకెప్పుడైనా చెప్పాడా? ముప్పై ఏడు తలలు తిన్నది ఆ పొయ్యి. అప్పట్లో లెక్క రాసుకున్నాను. ఒక్కదానికి, ఒకే ఒక్కదానికి చాల్లే అని ఉంటే ఏం పోయేది? ఇరవై మూడేళ్ళ కుర్రాడు గోడవైపు తిరిగి ఏడుస్తుంటే వెనక నిలబడి చూశాడు. తాను మేకులు కొట్టుకుని, లప్పం కూరుకుని, సాయంత్రం హాయిగా రకీయా తాగడానికి పోయాడు. ముసలి దొంగ. నేలమాళిగలో గట్టిగానే అరిచాను, పైన బాక్సాఫీసులో టికెట్లమ్మే ఆవిడ హడలిపోయి కిందికి వచ్చింది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పోయి ఎవరితో దెబ్బలాడను?

ఎలుగుబంటిని చేతిలోకి తీసుకున్నాను. మేకు కొట్టిన చెవి అటూ ఇటూ ఊగింది. ఏదో వింటున్నట్టు. దాన్ని ఎలుకల దగ్గరికి విసిరేద్దామనుకున్నాను. విసరలేదు.

ఆయన నా తలలు కాల్చింది మూడేళ్ళు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు కాల్చిందెవరు?

ఫిబ్రవరి 14, బుధవారం

ట్రిఫోన్ పండగ, ద్రాక్షతోటల పండగ. థియేటర్లో పొద్దున్నే ఎర్ర వైన్ పోశారు. నేను తాగకముందే చెప్పేశాను, తాగి చెప్పాడని అనుకోకుండా.

"నేనే చెక్కాను. హీటరు కాదు."

ద్రాగోమిర్ గ్లాసు కింద పెట్టాడు. స్తానక్క పెట్టలేదు. "తెలుసు. కర్ర ఎండితే బుగ్గమీద ఉలి గాట్లు పడవు." ఒక గుక్క తాగింది. "నువ్వు చెక్కింది కర్రని కాదురా ఓగ్నియన్. నా పదమూడు రోజుల్ని."

నా గ్లాసు పక్కకి జరిపాను.

"మళ్ళీ చేస్తాను. పది రోజులున్నాయి."

"నీ పది రోజులు నాకు తెలుసు."

"ఇక్కడే చేస్తాను. ఈ బల్లమీద, నీ ముందు. నువ్వు మొద్దుగా ఉన్నప్పట్నించే పట్టుకో. నీ చెయ్యి చెప్పినట్టు చెక్కుతాను. ఇక్కడ పొయ్యి కూడా లేదు."

ద్రాగోమిర్, "సోఫియాకి ఇవాళే ఫోన్ చేద్దామనుకున్నాను," అన్నాడు.

"రేపు చేద్దువుగాని," అంది స్తానక్క. నాకేసి తిరిగింది. "ఎనిమిదింటికి రా. ఒక్క నిమిషం ఆలస్యమైనా తలుపు తియ్యను. నాతో మంచిగా మాట్లాడబోకు, నాకింకా తగ్గలేదు."

చెప్పేస్తే మనసు తేలికపడుతుందంటారు. ఏమీ పడలేదు.

ఫిబ్రవరి 15, గురువారం

నరకం. ఏడుగురు చూస్తుండగా చెక్కడం. ఇరవై ఆరేళ్ళలో పూర్తికాని పనిని ఒక్క మనిషికి చూపించినవాణ్ణి కాదు. నేవెనాకి కూడా. ద్రాగోమిర్ గింజలు కొరికిన ప్రతిసారీ నా ఉలి ఆగిపోతోంది.

స్తానక్క మొద్దుని పట్టుకుని మాటలు చెబుతుంది, నడుస్తుంది, ఆపి నాకిస్తుంది.

"ఇక్కడ తియ్యి. వేలు పట్టట్లేదు."

"అక్కడ తీస్తే మెడ వంకరపోతుంది."

"పోనీ. పడవ నడిపిన మెడ నిటారుగా ఉంటుందా?"

"చూడ్డానికి అసహ్యంగా ఉంటుందక్కా!"

"నన్ను చూసి కూడా అలాగే అను, ధైర్యముంటే!"

మధ్యాహ్నందాకా అరుచుకున్నాం. భోజనానికి లేచేటప్పుడు చూస్తే చుబుకం వచ్చేసి ఉంది. ఎప్పుడు చెక్కానో గుర్తులేదు.

ఫిబ్రవరి 17, శనివారం

ఉలి జారింది. ఎడమ కన్ను కింద, లోతుగా. చెయ్యి తనంతట తానే బుట్ట కోసం కిందికి వెతుక్కుంది.

"ఇటివ్వు," అంది స్తానక్క. దీపం కిందికి తీసుకెళ్ళి వంచింది. గాటులో నీడ పడింది. "ఏడ్చి పడుకుని లేచినట్టుంది. వదిలెయ్."

"అది గాటు!"

"నాకూ ఉంది, పొట్టమీద, ఆపరేషన్‌ది. నన్నూ బుట్టలో వేస్తావా?"

ద్రాగోమిర్‌కి పొలమారింది. వదిలేశాను. మనస్ఫూర్తిగా కాదు. పళ్ళు కొరుక్కుంటూ వదిలేశాను. ఇంటికొచ్చినా ఆ గాటు కంటిముందు నుంచి పోవడం లేదు.

నేవెనాతో అన్నాను, "భయమే."

"ఏది?" అంది. మర్చిపోయినట్టుంది, లేదా అలా నటించింది. నేను వివరించలేదు.

ఫిబ్రవరి 20

తొమ్మిదో తల ఇచ్చేశాను. పూర్తయిందని కాదు. ఇచ్చేశాను.

ఫిబ్రవరి 24, శనివారం

హాలు నిండింది. మూడో వరసలో నేవెనా పక్కన కూర్చున్నాను. మొదటి పావుగంటలో పదకొండు తప్పులు పట్టుకున్నాను. నేవెనా మోచేత్తో పొడిచి, "వేళ్ళు మడవడం ఆపు, అందరూ చూస్తున్నారు," అంది.

దోనా అవ్వ నదితో తగువు మొదలుపెట్టింది. స్తానక్క నల్లబట్టల్లో బొమ్మ వెనకే నిలబడి ఉన్నా, కాసేపటికి ఆవిడ కనబడటం మానేసింది. అవ్వ నీళ్ళకేసి వంగి, "మాట్లాడవేం? మాట్లాడు!" అని అరిచింది. మా ముందు వరసలో మనవల్ని తీసుకొచ్చిన ఒక ముసలామె సీట్లోంచి సగం లేచి, "దానికి బాగా పెట్టు గడ్డి!" అంది. హాలంతా గొల్లుమంది. ముసలామె నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

అక్కడ నా లెక్క తప్పింది. కోపమొచ్చింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెడదామనుకునేసరికి ఆట అయిపోయింది.

నాలుగోది దీనికన్నా బాగుండేది. ఇది నిజం, రాసి పెట్టుకుంటున్నాను. దాన్ని నేనే పాడుచేశాను. తొమ్మిదోది అంత మంచిది కాదు. కానీ ఇది వేదిక మీద ఉంది.

ద్రాగోమిర్ ఏప్రిల్‌కి ఒక తోడేలు కావాలన్నాడు. తేదీ చెప్పమన్నాడు. చెప్పాను. చెప్పిన మరుక్షణం వాడి మీద మండిపడ్డాను.

మార్చి 1, గురువారం

వసంతం వచ్చిందని అందరి మణికట్లకీ ఎరుపూ తెలుపూ దారాలు. దోనా అవ్వ మెడలోనూ ఒకటి కడదామని, దుస్తులు చూసే పెత్రానా ఆ బొమ్మ తలగుడ్డ విప్పింది. నేను అక్కడే ఉన్నాను.

ఎడమ చెవి లేదు.

విరిగిపోలేదు. అసలు చెక్కనేలేదు. చెవి ఉండాల్సిన చోట మొద్దు మొద్దుగానే ఉంది. మర్చిపోయాను! నేను! ఐదు రోజులు ఏడుగురి ముందు చెక్కి, ఒక చెవి మర్చిపోతే, దాన్నే నాలుగు ఆటలు ఆడించారు! నా అరుపుకి పెత్రానా దారం ఉండ కింద పడేసింది.

స్తానక్క టీ తాగుతోంది. "మొదటి రోజే చూశాను," అంది.

"చూసి చెప్పలేదేం?"

"చెబితే చెక్కుతావని."

ఉలి తీశాను. అరగంట పని, ఆట మూడింటికి. ఆవిడ కప్పు పక్కన పెట్టి బొమ్మని నా చేతిలో పెట్టింది. "చెక్కు. ఈసారి నా కళ్ళముందే చెక్కు. అంతకన్నా ముందు, నేనెక్కడ పట్టుకుంటానో ఒకసారి చూడు."

నా చేతిలో ఉండగానే బొమ్మ మెడ వెనక తన వేళ్ళు పెట్టింది. నాలుగు వేళ్ళు వెనక. వాచిన బొటనవేలు ముందుకు వచ్చి, చెవి లేని ఆ చోట ఆనింది. అక్కడ తప్ప ఇంకెక్కడా అది ఆనదు. నేను అటూ ఇటూ జరిపి చూశాను. ఇంకెక్కడా ఆనదు.

ఆవిడ చెయ్యి తీశాక ఆ చోటుని తడిమాను. నేను ఉలితో వదిలేసిన గరుకు లేదు. తలగుడ్డ కిందికి దూరిన ఆ వేలికి నాలుగు ఆటలకే నున్నగా అయిపోయింది.

తలగుడ్డ నేనే కట్టి ఇచ్చాను. దాచిపెట్టినందుకు మాత్రం ఆవిడతో సాయంత్రందాకా మాట్లాడలేదు.